మా ఇంటి పన్ను, మీ దాతృత్వం

తన సొమ్ము దానం చేయడంలో గొప్పేముంది? శిబి చక్రవర్తి తన తొడ మాంసం కోసిచ్చాడు. కర్ణుడు తన కవచకుండలాలు ఒలిచిచ్చాడు. పాపం, ఇద్దరికీ కిటుకు తెలియదు. పక్కవాడి పెట్టెలోది తీసి ఊరందరికీ పంచి, ఆ పక్కవాడి చేతే చప్పట్లు కొట్టించుకునే విద్య పురాణ పురుషులకు అబ్బలేదు. మా తెలంగాణ సర్కార్లకు అబ్బింది. ఆ విద్యకు దండం పెట్టకుండా ఎలా ఉంటాం?

2020 దీపావళి గుర్తుందా? నవంబర్ 14. పండుగ పూట ఇంటి పన్నులో సగం మాఫీ అని ప్రకటించారు. గ్రేటర్ హైదరాబాద్‌లో ఏడాదికి 15 వేల రూపాయల దాకా, మిగతా పట్టణాల్లో 10 వేల దాకా పన్ను కట్టే ఇళ్లవాళ్లకు ఈ కానుక. 31 లక్షల పైచిలుకు కుటుంబాలకు మేలు, 326 కోట్ల పైచిలుకు భారం అన్నారు. మూడు రోజులకే గ్రేటర్ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. డిసెంబర్ 1న ఓట్లు పడ్డాయి. ఈ రెంటికీ ముడిపెట్టేవాళ్లు కిట్టనివాళ్లు. 2016 ఫిబ్రవరి గ్రేటర్ ఎన్నికల ముంగిట్లో కూడా 1,200 రూపాయల లోపు పన్ను ఇట్లాగే 101 రూపాయలైంది. ఏలినవారూ, ముహూర్తం పెట్టడంలో పంచాంగకర్తలు మీ దగ్గర శిష్యరికం చేయవలసిందే.

అసూయపరులకు ఒక ధర్మసందేహం. ఇంటి పన్ను మున్సిపాలిటీ సొమ్ము కదా అంటారు. దానితోనే కదా మోరీలు తీయించేది, వీధి దీపాల కరెంటు బిల్లు కట్టేది, తెల్లవారకముందే చీపురు పట్టేవాళ్లకు జీతమిచ్చేది అంటారు. మా వార్డు కౌన్సిలర్ కూడా అంత మాటా అనబోయాడు, పాపం, మాఫీ ఫ్లెక్సీలో తన ఫొటో కూడా ఉందని తెలిసి ఆగిపోయాడు. ఎవరి సొమ్మయితేనేం? పుణ్యం మీది, పస్తు మాది. పనులు ఇట్లా పంచుకుంటేనే కదా సంసారం సాగేది.

మమ్మల్ని పట్టణం వాళ్లను చేసింది కూడా మీరే. 2018లో 68 కొత్త మున్సిపాలిటీలను ఒక్క ఊపులో పుట్టించారు. రాత్రి గ్రామ పంచాయతీలో పడుకున్న రైతు పొద్దున మున్సిపాలిటీలో కళ్లు తెరిచాడు. వీధి అదే, బురద అదే, బర్రెలు అవే. బోర్డు మాత్రం మారింది. ఉపాధి హామీ గ్రామాలకే గనక ఆ పని పోయింది. కూలీ డబ్బుల కోసం మండుటెండలో చెరువు మట్టి తవ్వే బాధ తప్పించారు. ఇల్లు కట్టుకోబోతే పర్మిషన్ కావాలి, లేఅవుట్ కావాలి. ఇంత నాగరికత ఇంత చవగ్గా ఎవరికి దొరుకుతుంది? కొందరు ముసలివాళ్లు మాత్రం పంచాయతీ ఉన్నప్పుడు సర్పంచి ఇంటి ముందుకు పోయి నిలదీసేవాళ్లమని ఇంకా తలచుకుంటారు. వాళ్లకు అభివృద్ధి అర్థం కాదు.

ఇక అసలు లీల, పన్ను బకాయిల మీద వడ్డీ మాఫీ. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు కంచర్ల గోపన్న మీద జాలి వేస్తుంది. భద్రాద్రి గుడికి ఖజానా సొమ్ము వాడినందుకు గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లు మగ్గాడు. చివరికి రామోజీ, లక్ష్మోజీ అర్ధరాత్రి వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తీసుకుంటే తప్ప విడుదల కాలేదని కథ. ఆ రోజుల్లో మీరు లేకపోయారు. ఉంటే వన్ టైమ్ సెటిల్‌మెంట్ కింద వడ్డీలో 90 శాతం కొట్టేసి, అసలూ మిగిలిన పది శాతం వడ్డీ కట్టించుకుని పంపేవారు. గ్రేటర్ హైదరాబాద్ ఈ వరాన్ని 2020లో పొందింది, 2022లో పొందింది, 2024లో పొందింది, 2025లోనూ పొందింది. 2025లో చిన్న పట్టణాలకూ ప్రసాదించారు. మధ్యలో ప్రభుత్వం మారింది. దయాగుణం మారలేదు. ఒక రాజ్యం కట్టిన సత్రాన్ని వచ్చే రాజ్యం నడపడం మన చరిత్రలో అరుదు. మిమ్మల్ని మెచ్చుకోవాలి.

దీని మహిమ లెక్కలో చూస్తే గానీ తెలియదు. పక్కపక్కన రెండు ఇళ్లు అనుకోండి. రెంటికీ ఏడాదికి నాలుగు వేల పన్ను. మొదటి ఇంటాయన బుద్ధిమంతుడు. ఏప్రిల్ 30 లోపే ఏడాది పన్నంతా కట్టేస్తాడు. ఎర్లీ బర్డ్ పేరిట ఐదు శాతం తగ్గిస్తారు గనక అతనికి రెండు వందలు మిగులుతుంది. ఐదేళ్లకు వెయ్యి. రెండో ఆయన ఐదేళ్లూ పైసా కట్టడు. గడువు దాటిన ప్రతి వాయిదాకూ నెలకు 2 శాతం చొప్పున లెక్కిస్తే ఐదో ఏటి మార్చి చివరికి వడ్డీ 12 వేలు. మాఫీ వచ్చిందా, కట్టేది 1,200. ఆ పన్ను డబ్బునే ఐదేళ్లూ ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పాడనుకోండి, అదే 12 వేలు చేతికొస్తుంది. మీకు 1,200 పోను 10,800 లాభం. నిజాయితీకి వెయ్యి, ఓపికకు పదివేల ఎనిమిది వందలు. పిల్లలకు నీతి శతకాలతో పాటు ఈ లెక్క కూడా నేర్పిస్తే పాఠం పూర్తవుతుంది.

మరి మున్సిపాలిటీ ఎట్లా బతకాలి అంటారా? నిధులు పైనుంచి వస్తాయి. 1992లో 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు స్వపరిపాలన ఇచ్చింది. మీరు అందులోంచి స్వ తీసి దాచి, పరిపాలన చేసి పెడుతున్నారు. పదిహేనో ఆర్థిక సంఘం సొమ్ములో 2021-26 కాలానికి చిన్న పట్టణాలకు ఇచ్చినదాంట్లో 60 శాతం నీళ్లకూ పారిశుధ్యానికీ కట్టేశారు. మిగిలిన 40 శాతం మా ఇష్టమన్నారు. జీతాలకు మాత్రం వాడకూడదన్నారు. అంటే చెత్త బండి కొనవచ్చు, దాన్ని తోలేవాడికి జీతం ఇంటి పన్నులోంచి వెతుక్కోవాలి. ఆ ఇంటి పన్నే మీరు దానం చేశారు. బండికి గరాజులో విశ్రాంతి దొరుకుతోంది. యంత్రాల మీద కూడా కరుణ చూపేవాళ్లు ఎందరుంటారు?

2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే అన్నారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకుంటే కౌన్సిలర్‌ను బాధ్యుణ్ని చేస్తామన్నారు. మొక్కలకు ఇంత భరోసా ఇచ్చిన చట్టం దేశంలో మరొకటి ఉందో లేదో గానీ, మున్సిపాలిటీ ఖజానాలో ఎంత శాతం బతకాలో మాత్రం అందులో రాయలేదు. ఆ పాటి మరపు మహానుభావులకు సహజం. అదే చట్టంలో 75 గజాల లోపు పేదింటికి ఏడాదికి వంద రూపాయలే పన్ను అని పెట్టారు. ఇదొక్కటీ వెక్కిరించడానికి నాకు నోరు రావడం లేదు. మాఫీ అవసరమైన ఇల్లు ఏదో తెలిసి కూడా 15 వేలు కట్టే మేడకు సగం తగ్గించిన మీ సమదృష్టిని మాత్రం పొగడకుండా ఉండలేను.

మార్చి నెల వస్తే బిల్ కలెక్టర్లు అపరకాళులవుతారు. కిరాణా కొట్టు షట్టరుకు రెడ్ నోటీసు అంటిస్తారు. నల్లా కనెక్షన్ పీకేస్తామంటారు. ఆ పక్కనే ఏదో సర్కారు ఆఫీసు ఉంటుంది. ఏళ్ల తరబడి పన్ను బకాయి. దాని గోడకు ఎవడూ కాగితం అంటించడు. చాలా ఊళ్లలో పెద్ద బకాయిదారుల జాబితా తీస్తే ముందు వరసలో దొరికేవి ఇట్లాంటి భవనాలే. కేంద్రం వాళ్ల భవనాలకు రాజ్యాంగం 285వ అధికరణం అడ్డుంది. మీకు ఏ అడ్డూ లేదు, పెద్దరికం తప్ప. దారి చూపేవాడు ముందుండాలని పెద్దలు అన్నది బకాయిల విషయంలో కూడా పాటిస్తున్నారు.

ఇంత పొగిడినందుకు ఒక్క చిన్న కోరిక తీర్చండి. ఈసారి ఎన్నికల ముందు మా పన్ను మాఫీ చేసే లోపు, మా ఊళ్లో ఉన్న మీ ఆఫీసుల పన్ను మున్సిపాలిటీ కౌంటర్లో కట్టి రసీదు తీసుకోండి. వడ్డీ అక్కర్లేదు. అసలు చాలు.