మూలమెరుగకున్న: ఒక జంక్షన్ ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

హనుమాన్ జంక్షన్‌లో రొయ్యల చెరువులకు ఏరియేటర్లు అమ్మే ఒక కొట్టులో, ఎస్టిమేట్ పుస్తకం వెనక అట్ట మీద ఈ పద్యం కనబడింది. కవి పేరు లేదు. యజమానిని అడిగితే "మా గుమస్తా రాసుంటాడండీ" అన్నారు. గుమస్తాను అడిగితే "నేను చేరేసరికే ఉందండీ" అన్నాడు. మూలం తెలుసుకోమని బోధించే పద్యానికే మూలం తెలియకపోవడం ఇందులో మొదటి చమత్కారం.

సందర్భమిది. యజమాని గారు వెబ్‌సైటు పెట్టించారు. పేరు, ఫోను, ఊరు, చెరువు ఎన్నెకరాలు అనే గడులతో అందులో ఒక ఫారం ఉంది. నింపి పంపిన ప్రతి ఫారాన్నీ మార్కెటింగు కుర్రాడు "లీడ్" అంటాడు. లీడ్లు వస్తున్నాయి. గూగుల్‌కీ ఫేస్‌బుక్‌కీ గోడలకీ బస్సులకీ డబ్బు పోతోంది. ఏ డబ్బు ఏ లీడును తెచ్చిందో తేలక, లెక్కల పుస్తకం ముందు కూర్చున్నవాడెవడో కవి అయిపోయాడు.

మూలం

ఫారమెవడు నింపె? పంపినదెవ్వరో?
గూగులమ్మ పిలుపొ, గోడ రాతొ,
బస్సు వెనుక బొమ్మొ, బావమర్ది పలుకో,
మూలమెరుగకున్న మోతె మిగులు.

ప్రతిపదార్థం

ఫారము ఎవడు నింపెన్ = ఫారాన్ని ఏ రైతు నింపాడో (ఇది సులభం, పేరు గడిలోనే ఉంటుంది); పంపినది ఎవ్వరో = ఆ రైతును మన గుమ్మం దాకా తోలినవారెవరో (ఇది కష్టం, దీనికి గడి లేదు); గూగులమ్మ పిలుపొ = వెతికినవాడికి పైవరసలో కనబడి, క్లిక్కుకింతని పుచ్చుకునే ప్రకటనో; గోడ రాతొ = సున్నం గోడ మీద రంగు అక్షరాలో, లేక ఫేస్‌బుక్ గోడ మీది పోస్టో (శ్లేష); బస్సు వెనుక బొమ్మొ = ముందు పోతున్న బస్సును దాటలేక మోటారు సైకిలు మీద చదువుకున్న ప్రకటనో; బావమర్ది పలుకో = కైకలూరు దగ్గర చెరువున్న బావమరిది వాట్సాప్‌లో తోసిన లింకో; మూలము ఎరుగకున్న = ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే; మోతె = చప్పుడే, బరువే; మిగులు = మిగులుతుంది.

తాత్పర్యం

ఫారం నింపినవాణ్ణి తెలుసుకుంటే ఒక్క సరుకు అమ్ముడుపోతుంది. పంపినవాణ్ణి తెలుసుకుంటే వచ్చే నెల డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. రెండోది తెలియనివాడికి ప్రచారం చేసిన మోతా, బిల్లుల మోతా తప్ప ఏమీ దక్కదు.

విశేషాలు

*క్షేత్రం.* కవి ఈ ఊళ్లోనే పుట్టడంలో ఔచిత్యం ఉంది. చెన్నై, కోల్‌కతా మధ్య సాగే జాతీయ రహదారి మీద, ఒకవైపు బెజవాడ, మరోవైపు ఏలూరు. అడ్డంగా నూజివీడు, గుడివాడ రోడ్లు. ఇక్కడి టీకొట్టు వాడికి మూలం అడగాల్సిన పని లేదు. మామిడి బుట్ట ఉంటే నూజివీడు. నీళ్లోడుతున్న చేపల లారీ అయితే గుడివాడ వైపు. సరుకే సాక్ష్యం. వెబ్‌సైటుకు ఆ సుఖం లేదు. ఎటునుంచి వచ్చినవాడైనా అదే గుమ్మంలో, అదే మొహంతో ప్రత్యక్షమవుతాడు.

*ముద్రిక.* సుగ్రీవుడు సీతను వెతకడానికి నాలుగు దిక్కులకు వానరుల్ని పంపాడు. తూర్పుకు వినతుడు, పడమరకు సుషేణుడు, ఉత్తరానికి శతబలి, దక్షిణానికి అంగదుడి దండు. ఆధునిక పరిభాషలో నాలుగు ఛానెళ్లు. రాముడు తన పేరు చెక్కిన ఉంగరాన్ని హనుమంతుడి చేతిలో పెట్టాడు. ఎప్పుడు? బయల్దేరక ముందు. లంకలో సీత నమ్మింది ఆ పేరు చూసే. లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి, ఆ పక్కన సోర్స్, మీడియం, క్యాంపెయిన్ అని చేర్చే యూటీఎం తోకలు ఈ ఉంగరం లాంటివే. యూటీఎంలో మొదటి అక్షరం అర్చిన్ అనే అమెరికా కంపెనీది. 2005లో గూగుల్ దాన్ని కొని, ఆ ఏడే గూగుల్ అనలిటిక్స్‌ను విడుదల చేసింది. లింకు చేయి దాటాక తోక తగిలించలేం. గోడకైతే విడిగా ఒక ఫోను నంబరో, క్యూఆర్ కోడో వేయించాలి. అదే గోడకు ఉంగరం.

*చూడామణి.* ఉంగరం వెళ్తే చాలదు, తిరిగి ఆనవాలు రావాలి. సీత చూడామణి ఇచ్చింది కనకే రాముడి దగ్గర లెక్క ముగిసింది. ఫారంలో రైతుకు కనబడని గడి ఒకటి పెట్టి, లింకు తోకలో ఉన్నది అందులో పడేట్టు చేస్తే, పేరూ ఫోనూతో పాటు మూలమూ కొట్టుకు చేరుతుంది. చాలా కొట్లు ఉంగరం పంపి చూడామణి మరిచిపోతాయి. క్లిక్కులెన్నో చెప్పగలరు, ఆ క్లిక్కుల్లో ఏరియేటరు కొన్నదెవరో చెప్పలేరు.

*గడువు.* సుగ్రీవుడు నెల గడువిచ్చాడు. సఫారీ బ్రౌజరు అంత దయగలది కాదు. పేజీలోని స్క్రిప్టు రాసుకునే కుకీకి 2019 నుంచి ఏడు రోజులే ఆయుష్షు. మన రైతు ఉగాదికి చూసి, దసరాకు ఆలోచించి, సంక్రాంతికి ఫారం నింపుతాడు. అప్పటికి కుకీకి మాసికాలు కూడా అయిపోతాయి.

పాఠాంతరాలు

కొట్టువారి ఎక్సెల్ ప్రతిలో ఒకే మూలానికి "ఫేస్‌బుక్", "ఫేస్ బుక్", "ఎఫ్‌బీ", "ఎఫ్ బి యాడ్" అని నాలుగు పాఠాలున్నాయి. లింకు తోకలో ఇంగ్లీషు పెద్దక్షరం పడ్డా, చిన్నక్షరం పడ్డా గూగుల్ అనలిటిక్స్ వేర్వేరు మూలాలుగానే లెక్కిస్తుంది. సహృదయులు ఒక్క పాఠాన్ని నిర్ణయించి, గోడకు అంటించుకుని, కుర్రాడు మారినా పాఠం మారకుండా చూసుకోవాలి.

ఆక్షేపం, సమాధానం

*ఆక్షేపం:* సీతను చూసి వచ్చింది హనుమంతుడు. కనక ఘనతంతా ఆయనదే కదా?

*సమాధానం:* దీన్నే లోకంలో "లాస్ట్ క్లిక్" అంటారు. లంకలో ఉందని చెప్పింది సంపాతి. నువ్వు దూకగలవని గుర్తుచేసింది జాంబవంతుడు. వాళ్ల పద్దు ఎత్తేస్తే హనుమంతుడు సముద్రపు ఒడ్డునే ఉంటాడు. రైతు బస్సు మీద బొమ్మ చూస్తాడు, బావమరిదిని అడుగుతాడు, చివరికి గూగుల్‌లో కొట్టు పేరు కొట్టి ఫారం నింపుతాడు. లెక్కలో గూగులమ్మ ఒక్కతే ఉంటుంది. అది చూసి బస్సు బొమ్మ మాన్పిస్తే, కొన్నాళ్లకు కొట్టు పేరు వెతికేవాళ్లే తగ్గుతారు.

*ఆక్షేపం:* నివేదికలో "డైరెక్ట్" అని పెద్ద వాటా ఉంది. వాళ్లంతా మన పేరు విని నేరుగా వచ్చినవాళ్లే కదా?

*సమాధానం:* కాదు. ఎక్కడినుంచి వచ్చాడో అంతుపట్టని ప్రతివాణ్ణీ ఆ గదిలోకే నెడతారు. తోకలేని లింకు వాట్సాప్‌లో నొక్కి వచ్చినవాడు తరచూ అక్కడే తేలతాడు. బావమరిది ఇంటిపేరు డైరెక్ట్ అని గ్రహించాలి.

*ఆక్షేపం:* ఇవన్నీ లేకుండా పూర్వులు వ్యాపారం చేయలేదా?

*సమాధానం:* చేశారు. ఈ కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారని చెబుతారు. తలనొప్పికీ మందుకూ మధ్య దూరం అక్కడ ఒక్క కుర్చీ వరస. మూలం కళ్లెదుటే ఉంది. ఫారానికీ చెరువుకూ మధ్య ఎన్ని వరసలున్నాయో మనకు కనబడదు.

వ్యాఖ్యాత మనవి

కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. మార్కెటింగు నివేదికకు ఇంతకు మించిన శాస్త్రం లేదు. నేను మాత్రం రెండో సగం పాటించలేకపోయాను.

ఫలశ్రుతి

ఈ టీక విన్న యజమాని గారు తోకలు తగిలించారు, కనబడని గడి పెట్టించారు, పైపెచ్చు ఫోనులో "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడగమన్నారు. మొదట ఎత్తిన రైతు "టీవీలో చూశానండీ" అన్నాడు. ఈ కొట్టు టీవీలో ఏనాడూ ప్రకటన ఇవ్వలేదు. మనిషి చెప్పిందీ గడి చెప్పిందీ పక్కపక్కన రాసుకోమనీ, రెండూ కలిసిన చోటే రూపాయి పెట్టమనీ కవి హృదయం.

కొట్టు దిగి నాలుగడుగులు వేస్తే అభయాంజనేయస్వామి గుడి. బెజవాడ నుంచి వచ్చినవాడూ, నూజివీడు నుంచి వచ్చినవాడూ అక్కడ ఆగి దణ్ణం పెట్టుకుంటారు. ఏ రోడ్డున వచ్చావని స్వామి అడగడు. ఆయన గోడలకు అద్దె కట్టడు కదా.