గంటా పావు ప్రయాణం

విశాఖ నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎంత దూరమంటే కంప్యూటర్ తడుముకోదు. గీత గీసి, దాదాపు 510 కిలోమీటర్లంటుంది. టికెట్టు మీద గంటా పావు. ఆ రెండు అంకెలూ చూసి చీడికాడ కుర్రాడు మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి సాయంత్రం టీకి కూకట్‌పల్లిలో ఉంటాననుకుంటే తప్పు వాడిది కాదు. ఆ లెక్క రన్‌వే మీద కాపురముండే వాళ్ల కోసం కట్టింది.

అసలు ఆ గంటా పావులోనూ కిటుకుంది. గంటకి 800 కిలోమీటర్లు పోయే జెట్టుకి అది నలభై నిమిషాల పని. టికెట్టు సమయం మాత్రం చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి అవతల మళ్లీ పెట్టేదాకా. రన్‌వే దాకా పాకడం, శంషాబాద్ మీద వంతు కోసం చక్కర్లు, ఆలస్యమైతే పరువు పోకుండా ముందే కలిపిన నిమిషాలు అన్నీ అందులోవే. అందుకే పది నిమిషాలు ముందే దిగామని మైకులో గొప్పగా చెప్పగలుగుతారు.

చీడికాడ నుంచి విశాఖ విమానాశ్రయానికి గీత గీస్తే 40 కిలోమీటర్ల చిల్లర. మనిషికి రెక్కల్లేవు గనక చోడవరం వచ్చి బీఎన్ రోడ్డెక్కాలి. భీమిలి–నర్సీపట్నం రోడ్డు గుంతలకి వానాకాలంలో లోతు తెలీదు. చెరకు రోజుల్లో ముందో ట్రాక్టరు, దాని వెనక బస్సు, బస్సు వెనక ఆటో, ఆటోలో మాడుగుల హల్వా డబ్బా ఒళ్లో పెట్టుకుని మన కుర్రాడు. "కంగారేటి బాబూ, ఇమానం ఎక్కడికెల్లిపోద్ది?" అంటాడు ఆటో అతను. బోర్డింగ్ గేటు పాతిక నిమిషాల ముందే మూసేస్తారన్న సంగతి అతనికెవరూ చెప్పలేదు.

అవతల కొసా అంతే. ఊరి నడిబొడ్డునున్న బేగంపేట నుంచి 2008 మార్చిలో విమానాలు శంషాబాద్ వెళ్లాయి. గాల్లో సమయం దాదాపు అదే, ఇంటికి చేరే సమయమే పెరిగింది.

ఇప్పుడు విశాఖ వంతు. ఇన్నాళ్లూ నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగాలో సర్దుకున్న ప్రయాణికుల కోసం భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు, 2023 మేలో జగన్ శంకుస్థాపన చేశారు. పునాదికి అంత బలం దక్కిన కట్టడాలు మన రాష్ట్రంలోనూ తక్కువే. సర్వీసులు అక్కడికి మారితే హైదరాబాద్ గీత 30 కిలోమీటర్లో ఎంతో సాగుతుంది, విమానానికి రెండు మూడు నిమిషాలు. చీడికాడ గీతేమో 40 నుంచి 60 దాటుతుంది. అదీ రోడ్డు వంకరలు కలపకుండానే.

చీడికాడకి ఇలాంటివి కొత్త కాదు. అంగుళం కదలకుండానే 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చేసింది. ఆ అనకాపల్లి స్టేషన్లో సాయంత్రం ఆగే గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచీ రాత్రంతా నడిచే హైదరాబాద్ వెళుతోంది. హల్వా డబ్బాని స్కానర్లో పెట్టమని ఎవరూ అడగరు.