అర్థమైంది!

న్యూకాసిల్‌లో సినిమా టికెట్ మీద ఏడు గంటలని ఉంటే, ఏడున్నరకి అని చదువుకోవాలి. ఆ అరగంటా ప్రకటనలూ ట్రైలర్లూ. తెలిసినవాళ్లు ఏడూ ఇరవై అయిదుకి వస్తారు. మేం ఆరూ యాభైకే సీట్లలో ఉంటాం. టికెట్ డబ్బుల్లో ట్రైలర్లు కూడా కలిసే ఉన్నాయనీ, వాటిని వదులుకోవడం కొసరు కరివేపాకు అడక్కుండా కూరలు కొనడమేననీ మా ఆవిడ సిద్ధాంతం.

రెండున్నర నిమిషాలు కన్నార్పకుండా చూసి, చివర్లో ఒకే మాట అంటుంది: "అర్థమైంది." అంటే ఆ సినిమాకి మా ఇంట్లోంచి పౌను కూడా కదలదని. హీరోకి ఉద్యోగం పోతుంది, కుక్క దొరుకుతుంది, కుక్క తప్పిపోతుంది, వానలో మళ్లీ దొరుకుతుంది. ఇంకా వెళ్లి తెలుసుకోవాల్సింది ఏముంది, కుక్క పేరు తప్ప?

నా చిన్నప్పుడు ట్రైలరంటే రిక్షా. రెండు వైపులా పోస్టరు అంటించిన తడికలు, పైన మైకు, వెనకాల గులాబీ రంగు కరపత్రాల కోసం పరిగెత్తే మేము. హాలు దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు. అందులో కథ కూడా వేసేవారు. అన్న జైలుకి వెళ్తాడు, తమ్ముడు ఊరు వదిలిపోతాడు, విలన్ చెల్లెల్ని ఎత్తుకుపోతాడు... సరిగ్గా అక్కడ, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. అది రాసినాయన ఎవరో గానీ, ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు. కుక్క సినిమా ట్రైలర్ కత్తిరించినాయనకి తెలీదు.

ట్రైలర్ అంటే అసలు వెనకాల వచ్చేదని. మొదట్లో సినిమా అయిపోయాకే వేసేవారట. జనం లేచి వెళ్లిపోతుంటే ముందుకి జరిపారు. పేరు మాత్రం వెనకే ఉండిపోయింది.

మా ఊళ్లో పిల్‌గ్రిమ్ స్ట్రీట్ మీద టైన్‌సైడ్ సినిమా ఉంది. 1937లో డిక్సన్ స్కాట్ అనే ఆయన వార్తాచిత్రాలు వేయడానికి కట్టించిన హాలు. ఆయనకి మనవడి వరసయ్యే రిడ్లీ స్కాట్ కూడా అదే ఏడు, ఇక్కడికి దగ్గరే సౌత్ షీల్డ్స్‌లో పుట్టాడు. 1979లో ఆయన తీసిన 'ఏలియన్' ట్రైలర్‌లో ఒక్క మాట వినబడదు. ఒక గుడ్డు. అది పగులుతుంది. లోపల్నించి పచ్చటి వెలుగు. ఆ తర్వాత ఎవరో పరిగెడుతుంటారు, ఎందుకో చెప్పరు. ఇంట్లో టీవీలో వేసి చూపిస్తే మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుడ్డులో ఏముందండీ?" అంది. పదేళ్ల కాపురంలో ఆవిడ నన్ను జవాబు కోసం ప్రశ్న అడగడం అదే మొదలు.

ట్రైలర్ చూసి ఆవిడ 'అర్థమైంది' అనకపోవడం రెండోసారి 2025 సంక్రాంతికి. తెలుగు సినిమాకే వెళ్లాం, ముందు వేసింది '28 ఇయర్స్ లేటర్' ట్రైలర్. 1915లో రికార్డు చేసిన ఓ పాత గొంతు, సైనికుల బూట్ల మీద కిప్లింగ్ రాసిన పద్యాన్ని కవాతులా చదువుతుంటుంది. చదివేకొద్దీ ఆ గొంతుకి పిచ్చెక్కుతుంది. దేశం నిండా రక్తం కళ్ల మనుషులు. మా ఆవిడ చేతిలో పాప్‌కార్న్ నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది. భయంతో అనుకున్నాను.

"అది మనం పులిహోర తిన్న చోటు కదండీ!"

నిజమే. న్యూకాసిల్‌కి ఉత్తరంగా గంటన్నర ప్రయాణం, హోలీ ఐలాండ్. రోజుకి రెండుసార్లు సముద్రం వచ్చి రోడ్డుని ముంచేస్తుంది. అలల వేళలు చూసుకుని వెళ్లి, చలిగాలిలో డబ్బా మూత తీసి, వేరుశెనగ గుళ్లు ఎగిరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని తిన్నాం. ఇప్పుడు తెర మీద ఆ చుట్టుపక్కల రక్తం కళ్ల మనుషులు పరిగెడుతున్నారు. ఆవిడ 'అర్థమైంది' అనలేదు, "బుక్ చెయ్యండి" అంది. జూన్‌లో సినిమా వచ్చాక సగం చున్నీలోంచి చూసిందనుకోండి, అది వేరే సంగతి.

మన ట్రైలర్లు వేరే జాతి. 'ఆర్ఆర్ఆర్' ట్రైలర్ చూపిస్తే ఆఫీసులో ఓ న్యూకాసిల్ పెద్దాయన, "ఇందులో ఎన్ని సినిమాలున్నాయి?" అన్నాడు. ఆయనకేం తెలుసు, మనకది శుభలేఖ! పెళ్లికొడుకెవరో, ముహూర్తం ఎప్పుడో ముందే తెలిసినా పెళ్లికి వెళ్లడం మానతామా?

ఈ పాండిత్యమంతా చూసి కాబోలు, ఈ ఏడు మా ఊరి తెలుగు సంఘం వాళ్లు ఉగాది సంబరాలకి ట్రైలర్ పని నాకు అప్పజెప్పారు. నాలుగు నిమిషాలు వచ్చింది. కూచిపూడి, మిమిక్రీ, పద్యాలు, అధ్యక్షుల వారు రెండుసార్లు, "మా బుజ్జిగాడు లేడే" అన్నవాళ్ల బుజ్జిగాళ్లందరూ. మా ఆవిడ చూసి, "అర్థమైంది" అంది.

ఆ రాత్రి గుడ్డు గుర్తొచ్చింది. అన్నీ పీకేశాను. పన్నెండు సెకన్లు. పెద్ద గుండిగ. ఒక చెయ్యి మూతని నాలుగంగుళాలు ఎత్తుతుంది. ఆవిరి తెరంతా కమ్మేస్తుంది. చీకటి. తేదీ, హాలు పేరు.

వేసిన కుర్చీలు చాల్లేదు. యూనివర్సిటీ పిల్లలు యాభై మంది దాకా వచ్చి, పంచాంగ శ్రవణం జరుగుతున్నంతసేపూ వంటగది తలుపు కేసే చూస్తూ కూర్చున్నారు. వడ్డన మొదలయ్యాక ముందు నిలబడ్డ కుర్రాడు గుండిగలోకి తొంగిచూశాడు.

"అన్నా, బిర్యానీ కాదా?"

"పులిహోర తమ్ముడూ. ఆ ఆవిరి అన్నం వార్చినప్పటిది."

గరిటె పట్టుకున్న మా ఆవిడ నావైపు తిరక్కుండానే అంది: "పాపం, ఇప్పుడు వాళ్లకి అర్థమైంది."