కూర్చుని పరుగెత్తించేవాడు

ఘాజియాబాద్‌లో ఇందిరాపురం, వైశాలి వైపు అపార్టుమెంట్లలో ఇతగాడు తరచూ తగులుతాడు. ట్రాక్ ప్యాంటు, మెరిసే టీషర్టు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ. చూస్తే అప్పుడే పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చినట్టుంటాడు. వచ్చింది మాత్రం పడగ్గదిలోంచి పక్కగదిలోకి. ఆటల బట్టలకు యానిమేషన్ ప్రకటనలు చేయడం అతని వృత్తి. మనవాడే. గుడివాడ నుంచో గాజువాక నుంచో వచ్చి, నోయిడాలో ఉద్యోగం వెలగబెట్టి, విసుగెత్తి సొంతంగా పెట్టుకున్న బాపతు.

పనిమంతుడే, కాదనలేం. టీషర్టును తెరమీదే కత్తిరిస్తాడు, తెరమీదే కుడతాడు, గాలికి ఎంత రెపరెపలాడాలో అంకెల్లో చెబుతాడు. లోపల మనిషుండడు. తలా చేతులూ లేని ఆ చొక్కా తనంతట తాను కొండెక్కుతుంది. మరి పరుగు? మిక్సామో అనే వెబ్‌సైటులో ఎవరో పరుగెత్తగా పట్టి ఉంచినది ఉచితంగా దొరుకుతుంది. పరుగును కూడా డౌన్‌లోడ్ చేసుకునే రోజులు! సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అర నిమిషానికి 720. అవన్నీ తయారయ్యేసరికి కంప్యూటరు వేడెక్కిపోతుంది. పాపం దానికోసమని ఏసీ పెంచుతాడు.

ఇంతలో ఢిల్లీ గాంధీనగర్ బట్టల బజారు నుంచి సేఠ్ ఫోను: "భయ్యా, పసీనా థోడా ఔర్ నీలా కరో!" చెమట నీలంగా ఎందుకుంటుందని మనవాడు అడగడు. ఈ వ్యాపారంలో చెమట నీలమే. గుండ్రంగా ముత్యాల్లా బట్టలోంచి తేలి, బాణం గుర్తు చూపించిన దారిన బుద్ధిగా వెళ్లిపోతుంది. వాసన ఎలాగూ రాదు.

వెనకాల ఆకాశం కూడా నీలమే. గాలి నాణ్యత లెక్కలు చూసే ఐక్యూఎయిర్ సంస్థ నివేదిక 2019 సంవత్సరానికి ప్రపంచంలోకెల్లా గాలి పాడైన నగరంగా ఘాజియాబాద్‌ను లెక్కగట్టింది. అందుకే ఆకాశం గీసేటప్పుడు కిటికీ తెర దించేస్తాడు.

తన వృత్తికి పూర్వీకులున్నారని గర్వం. 1992లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ ప్రసారంలో బాస్కెట్‌బాల్ వీరుడు మైకేల్ జోర్డాన్ పక్కన కార్టూన్ కుందేలు బగ్స్ బన్నీని ఆడించి నైకీ బూట్లమ్మింది. ఆ జోడీయే 1996లో 'స్పేస్ జామ్' సినిమా అయింది. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి అదే కంపెనీ తీసిన 'ది లాస్ట్ గేమ్' అతనికి కంఠతా వచ్చు. తప్పే చేయని నకిలీ ఆటగాళ్లను రక్తమాంసాలున్న ఆటగాళ్లు ఓడించే కథ అది. మనవాడు మాత్రం నకిలీల జెర్సీ మడతలు ఎంత బాగా కుదిరాయో చూసి మురుస్తాడు.

రాత్రి అమ్మ ఫోను: "ఒరే నాన్నా, ఆ స్వర్ణజయంతి పార్కులో రోజూ కాసేపు నడవరాదుట్రా?"

"పొద్దున్నుంచీ పరుగులేనే అమ్మా!"

అబద్ధమూ కాదు. ఆవిడ ఆ పూటకు నిశ్చింతగా పడుకుంటుంది.

అయ్యా, అమ్మా, మీ ఫోనులో తల లేని టీషర్టు పరుగెడుతూ కనబడితే కొనండి, తప్పులేదు. సైజు మాత్రం టేపు పెట్టి కొలుచుకుని చెప్పండి. ఆ చొక్కాకి పొట్ట లేదు.