కోటి వ్యూల కొలువు

దక్షిణాది పాటల పరిశ్రమలో గత పదేళ్లుగా ఒక ఆచారం స్థిరపడింది. పాట విడుదలైన మర్నాడే, అది ఎందరి నోట నిలుస్తుందో తేలకముందే, ఎన్ని లక్షల వ్యూలు కొల్లగొట్టిందో చాటే పోస్టరు వెలువడుతుంది. మదురై వంటి ఊళ్లో అది ఫ్లెక్సీగా పెరిగి, ఒక పక్క వధూవరుల చిత్రానికీ మరో పక్క నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలకూ మధ్య చోటు సంపాదిస్తుంది. వ్యూ అంటే ఒక వీడియో ఒకసారి ఆడినట్టు యూట్యూబు నమోదు చేసుకున్న లెక్క. సింగిల్ అంటే ఆల్బమ్‌తో నిమిత్తం లేకుండా ఒంటరిగా విడుదల చేసే పాట. చార్ట్ అంటే అటువంటి పాటలను వారం వారం వరుసకట్టే పట్టిక. ఈ మూడింటినీ ముడివేసి పరిశ్రమ ఒక సిద్ధాంతాన్ని తయారుచేసింది: వ్యూలే ప్రజల తీర్పు, ఆ తీర్పు ముందు కులమూ లేదు, సిఫారసూ లేదు, ప్రతిభ ఉన్న వీధి కుర్రవాడు ఒక్క రాత్రిలో సింహాసనం ఎక్కవచ్చు. లయకు మాటలు కూర్చి వేగంగా పలికే ర్యాప్ పేదల వీధుల్లో పుట్టింది కనుక, ఆ ర్యాప్ ప్రధానమైన హిప్‌హాప్ పాటల దగ్గర ఈ సిద్ధాంతాన్ని మరింత గట్టిగా వినిపిస్తారు.

సంఖ్య చెప్పి గొప్పలు పోవడం మదురైకి కొత్త కాదు. 1623 నుంచి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుని కొలువుకు వచ్చిన పదకర్త, అంటే పదాలనే పాటలు కట్టే క్షేత్రయ్య, ఆ ప్రభువు సన్నిధిలో 2000 పదాలు, తంజావూరు విజయరాఘవ నాయకుని ఎదుట 1000, గోలకొండ పాదుషా దగ్గర 40 రోజుల్లో 1500 చెప్పినట్టు తన పదం ఒకదానిలోనే జమ రాసుకున్నాడు. అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు గాని, అక్కడ లెక్క వేసినవాడు పాట కట్టినవాడే, లెక్కలోకి ఎక్కింది పాటే. నేడు లెక్క వేసేది యంత్రం, లెక్కకెక్కేది తెర మీద పడిన కన్ను. ఆ 4500 పదాలలో ఇప్పుడు మిగిలినవి 400కు లోపే. అవైనా కొలువు దస్తరాల వల్ల మిగలలేదు, వీణ ధనమ్మాళ్ వంశం వంటి దేవదాసీ కుటుంబాల గొంతుల్లో నిలిచాయి, ఆ గొంతుల్లో చాలావాటికి పేరు సైతం దక్కలేదు. తిరుమల నాయకుని మహలులో నడిచిన ధ్వని కాంతి ప్రదర్శనలో, అన్ని తెలుగు పదాలు విన్న ఆ ప్రభువు గాథను తమిళంలోనూ ఇంగ్లీషులోనూ వినిపించేవారు.

అయినా ఆ కాలానికి ఒక కట్టుబాటు ఉండేది. వాగ్గేయకారుడు తన పాటలో ముద్ర, అంటే తనను గుర్తుపట్టించే మాట, వేసుకునేవాడు. మువ్వగోపాలుడి పేరు వినబడితే ఆ పదం క్షేత్రయ్యదని వేరే పత్రం చూపనక్కరలేదు. ప్రబంధ కవి సైతం, కృతిభర్తను, అంటే డబ్బిచ్చి అంకితం పుచ్చుకున్న ప్రభువును, పుటల కొద్దీ పొగిడి, ప్రతి ఆశ్వాసం చివర గద్యలో తన పేరూ తండ్రి పేరూ చెప్పుకుని గాని కదిలేవాడు కాదు. ఆముక్తమాల్యద ప్రబంధం కృష్ణదేవరాయలదా ఆయన ఆస్థాన కవి పెద్దనదా అని పండితులు తగవులాడుకున్నారంటే, కర్త పేరు తగవుకు తగిన సంగతే అని ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టే లెక్క. భూస్వామ్యమని నేడు ఈసడించే ఆ వ్యవస్థలో ఎవరి పాట ఎవరిదో చెప్పడానికి చోటు ఉండేది; ప్రజాస్వామ్యమని పొగిడే వ్యూల వ్యవస్థ ఆ చోటును ఎలా నింపుతున్నదో చూడవలసి ఉంది.

హిప్‌హాప్‌లో తొలి పెద్ద హిట్ సింగిలే ఇందుకు పాఠ్యపుస్తకం. 1979 సెప్టెంబరులో న్యూజెర్సీకి చెందిన షుగర్ హిల్ రికార్డ్స్ విడుదల చేసిన ‘రాపర్స్ డిలైట్’ అమెరికాలో పాటలకు ప్రామాణికమైన బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 36వ స్థానం దాకా వెళ్లి, ర్యాప్ అనే సరుకు దుకాణంలో అమ్ముడవుతుందని రుజువు చేసింది. నిర్మాత సిల్వియా రాబిన్సన్ కూర్చిన బృందంలో ఒకరైన బిగ్ బ్యాంక్ హ్యాంక్ అప్పటికి పిజ్జా దుకాణంలో పనిచేస్తూ ఉండేవాడు; అతడు పలికిన పంక్తులు న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోటుపుస్తకంలోనివి. ఎరువు తెచ్చుకున్నవాడు ఎంత నిజాయతీపరుడంటే, కాజ్ తన పాత రంగస్థల నామమైన కాసనోవా ఫ్లైని అక్షరం అక్షరంగా పలికి వేసుకున్న ముద్రను కూడా మార్చకుండా తన గొంతుతో రికార్డు చేశాడు. ఆశ్వాసాంత గద్యతో సహా ప్రబంధాన్ని ఎత్తుకెళ్లిన కవిచోరుడు తెలుగు సాహిత్యంలో సైతం కనిపించడు. ఆ పాటకు ఆధారమైన బాణీ షిక్ బృందానిది. వారు కోర్టు పేరెత్తగానే వారి పేర్లు రికార్డు మీదికి వచ్చాయి. వకీలు లేని కాజ్ పేరు మాత్రం, లోకమంతా వినేలా పాటలో మోగుతూనే, రికార్డు మీదికి రాలేదు.

వ్యూలు రంగంలోకి దిగాక ఈ కళ శాస్త్రంగా ఎదిగింది. 2013 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ యూట్యూబు వ్యూలను హాట్ 100 లెక్కలో కలిపింది, ఆ వారమే ‘హార్లెమ్ షేక్’ నేరుగా మొదటి స్థానంలో దిగింది. కొద్ది వారాలకే, ఆ పాటలో వినిపించే రెండు గొంతులను అనుమతి అడగకుండా పాత రికార్డుల నుంచి కోసి తెచ్చారని ఆ గొంతుల యజమానులు బయటపడ్డారు. మన దేశంలో 2019 జులైలో ర్యాపర్ బాద్‌షా పాట ‘పాగల్’ 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూలు దాటి ప్రపంచ రికార్డు బద్దలైందని పరిశ్రమ పండుగ చేసుకున్నది. ఆ వ్యూలలో కొంత భాగం వీడియోను ప్రకటనగా నడిపించి సంపాదించినది. ఇది దొంగతనం కాదు, అప్పటి నిబంధనల ప్రకారం చెల్లుబాటయ్యే కొనుగోలే. యూట్యూబు మాత్రం ఆ రికార్డును ప్రకటించకుండా ఊరుకుని, సెప్టెంబరులో డబ్బు కట్టి తెచ్చిన వ్యూలను 24 గంటల రికార్డుల లెక్కనుంచీ తన చార్టులనుంచీ తొలగించింది. ప్రజల తీర్పును బ్యాంకు ఖాతా నుంచి చెల్లించి తెచ్చుకోవచ్చని తెలిశాక సిద్ధాంతం కూలిపోవలసింది. పోస్టర్లు మాత్రం కూలలేదు.

సిద్ధాంతవాదులకు కోయంబత్తూరు ఎప్పుడూ ఆశ్రయమిస్తుంది. హిప్‌హాప్ తమిళా పేరుతో పాడిన ఆ ఊరి యువకుడు ఆది 2011లో ‘క్లబ్బుల మబ్బుల’ పాటతో యూట్యూబు ద్వారా పేరుపొంది, 2015లో సినిమా సంగీత దర్శకుడై, 2016లో ‘ధృవ’తో తెలుగు చిత్రసీమకూ వచ్చి, 2017లో తన కథ వంటి కథనే ‘మీసయ మురుక్కు’గా తీసి తానే నటించాడు. ఇంతకన్నా రుజువేం కావాలని అడుగుతారు. ఒకడు ఏరు దాటాడు కనుక వంతెన ఉన్నట్టే అనడం తర్కశాస్త్రంలో ఏ అధ్యాయానికి చెందుతుందో వారే చెప్పాలి.

అసలు పరీక్ష 2021 మార్చి 7న వచ్చింది. ఆ రోజు మాజ్జా అనే సంస్థ ద్వారా విడుదలైన ‘ఎంజాయ్ ఎంజామి’ పాటలో సంతోష్ నారాయణన్ సంగీతం, ధీ గొంతు, అరక్కోణానికి చెందిన ర్యాపర్ అరివు మాటా గొంతూ ఉన్నాయి. ర్యాప్‌తో పాటు ఇందులో ఒప్పారి, అంటే చావింట ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ పాడే ఏడుపు పాట, పొలంలో పనివాళ్ల కేక, నేల తమదే అయినా తమది కానివారి గోడు కలిసిపోయి ఉంటాయి. అరివు అమ్మమ్మ వల్లియమ్మ శ్రీలంక తేయాకు తోటల్లో కూలిపని చేసి, తిరిగివచ్చినా సెంటు భూమి లేక మిగిలిన మనిషి. ఆమె మనవడినని అరివు పాటలోనే చెప్పుకుంటాడు. కవి తన వంశం చెప్పి ముద్ర వేసుకోవడం ఇంతకన్నా స్పష్టంగా కుదరదు. పాట కోట్ల వ్యూలు దాటింది, ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడే మదురై కుటుంబాల పెళ్లిళ్లలో కూడా మోగింది. మదురై తెలుగు అనగానే నాయకుల మహలును చూపించే పెద్దలకు, అదే ఊళ్లో ఇంట తెలుగు మాట్లాడుకుంటూ వీధులు ఊడ్చే అరుంధతీయులు గుర్తురారన్నది వేరే సంగతి. చూపించదలచినవారినే లెక్కలోకి తీసుకునే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఆ ఏడు ఆగస్టులో రోలింగ్ స్టోన్ పత్రిక భారతీయ సంచిక ఈ పాటనూ, ‘నీయే ఒళి’ అనే మరో పాటనూ ప్రస్తావిస్తూ ముఖచిత్రం వేసింది. రెండింటికీ మాటలు రాసిన అరివు బొమ్మ ముఖచిత్రంపై లేదు. ధీ, ర్యాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నారు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా ఎత్తిపొడిచాక, అరివుతో వేరే డిజిటల్ ముఖచిత్రం వెలువడింది. 2022 జులై 28న చెన్నైలో చదరంగ ఒలింపియాడ్ ప్రారంభ వేడుకలో అదే పాటను అరివు లేకుండా పాడారు. ఆయన దేశంలో లేరన్నది వివరణ. రోజుల వ్యవధిలో అరివు, ఈ పాట కూర్చింది, రాసింది, పాడింది తానేనని, తనకు ఎవరూ బాణీ గాని మాట గాని ఇవ్వలేదని ప్రకటించారు. సంతోష్ నారాయణన్ పాట పుట్టుక గురించి తన కథనం చెబుతూ, దీని రాబడీ యాజమాన్యమూ ముగ్గురికీ సమానమని వివరించారు. వ్యూలను ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టగల యంత్రం ఈ తగవులో నోరు విప్పలేదు, ఎందుకంటే చూసినవారి సంఖ్య తప్ప చేసినవారి సంగతి దాని పరిధిలోకి రాదు.

2024 మార్చిలో వాటాల లెక్క బయటికి వచ్చింది. మూడేళ్లుగా ఈ పాట మీద ముగ్గురు కళాకారులకూ పైసా రాబడి అందలేదని, మాజ్జా సంస్థకు అండగా నిలిచిన సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్ సైతం బాధితుడేనని సంతోష్ నారాయణన్ స్వయంగా వెల్లడించారు. ఈ ఆరోపణలో తప్పొప్పులు తేల్చవలసినది లెక్కల పుస్తకాలు చూడగలవారు. అయితే గణితం మాత్రం ఎవరికైనా అందుతుంది: సున్నాను మూడు సమాన భాగాలు చేస్తే ఎవరి వాటా గురించీ ఎవరూ అసూయపడనక్కరలేదు. ఇంతటి సమానత్వాన్ని హిప్‌హాప్ తప్ప మరే ఉద్యమమూ సాధించలేదని పరిశ్రమ పోస్టరు వేసుకోవచ్చు.

క్షేత్రయ్య రెండువేల పదాలకు ప్రతిగా తిరుమల నాయకుడు ఏమిచ్చాడో ఊహించే పని చరిత్రకారులకు వదలాలి. పాదుషా అయినా, నాయకుడైనా, ఇచ్చినదేదో సభలో ఇచ్చేవాడు, పుచ్చుకున్నవాడికీ చూసినవాడికీ అది తెలిసేది. నేటి కొలువులో సభ అందరికీ తెరిచే ఉంటుంది గాని, పద్దు మాత్రం ఒప్పందపత్రం చివరి పుటలో, ముందుగా తీసుకున్న అడ్వాన్సు, వీడియో ఖర్చు, ప్రచార ఖర్చు తిరిగి వసూలయ్యేదాకా కళాకారుడికి చెల్లింపు లేదన్న షరతు కింద నిద్రపోతుంటుంది. కనుక పరిశ్రమకు ఒక సవరణ సూచించవచ్చు: ఇకమీదట ప్రతి ఫ్లెక్సీ మీద వ్యూల సంఖ్య పక్కనే, అదే పరిమాణం అక్షరాల్లో, మాట రాసినవారి పేరూ వారికి అందిన మొత్తమూ అచ్చువేయాలి. రెండో అంకెకు ఫ్లెక్సీలో చోటు చాలదని నిర్మాణ సంస్థలు అభ్యంతరం చెప్పవచ్చు. సున్నాకు ఎన్ని అంగుళాలు కావాలో ఫ్లెక్సీలు వేసేవారినే అడిగి తెలుసుకోవచ్చు.