పేరు వేసుకోవచ్చు

1793 నాటి మాట. నేటి టోక్యోను అప్పుడు ఎడో అనేవారు. అసకుస గుడి దగ్గర టీకొట్టులో పనిచేసే ఒకితకు పదహారేళ్లుంటాయి. ఆమెను చూడటానికే జనం ఆ కొట్టుకు ఎగబడేవారు. కితగావా ఉతమారో ఆమె బొమ్మ గీశాడు. గీతను చెర్రీ చెక్క మీద చెక్కి, రంగు రంగుకూ వేరే అచ్చు చేసి, కాగితం మీద అద్దిన ముఖం అది. చెంప మీదికి జారే సన్నటి వెంట్రుకల్ని కూడా చెక్కలో నిలబెట్టిన ఆ చెక్కుడు పనివాళ్లకు దండం పెట్టాలి.

ఇలా బొమ్మ మీద ఆమె పేరు వేయడం పాలకులకు నచ్చలేదు. వేశ్యల పేర్లు తప్ప మరే ఆడవాళ్ల పేర్లూ బొమ్మల మీద వేయకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఉతమారో ఊరుకోలేదు. పేరు మానేసి, బొమ్మ మూలన ఆకుకూర కట్టలు, బాణం, సముద్రం, వరిమడి లాంటివి గీశాడు. వాటిని వరసగా పలికితే కొట్టు పేరూ ఒకిత పేరూ వచ్చేస్తాయి. 1796లో ఆ పొడుపు బొమ్మల్నీ నిషేధించారు.

ఎడోలోని వేశ్యావాడ యోషివారాలోని వేశ్యలకు ఈ బెడద లేదు. అక్కడ ఓగియా అనే వేశ్యల ఇంట్లోని హనాఓగి పేరు దర్జాగా అచ్చయ్యేది. కవిత్వానికీ అందమైన దస్తూరీకీ పేరుపొందిన మనిషి. ఆమెను చిత్రకారుడు ఎయిషి గీశాడు, ఉతమారో గీశాడు. చుట్టూ కందకం, రాకపోకలకు ఒకే పెద్ద ద్వారం ఉన్న ఆ వాడలోకి చిన్నపిల్లలుగా అమ్ముడుపోయి వచ్చినవాళ్లే ఎక్కువ. గడప దాటలేని ఆడదాని పేరు ఊరంతా తిరిగేది. ఆ బొమ్మలు ఇంటికి గిరాకీ కూడా తెచ్చేవి. అయినా ఇన్ని పోగొట్టుకున్నవాళ్లకు పేరైనా మిగిలిందిలే అని నా మనసు కాస్త కుదుటపడేది.

పాలకులు చెరిపేయించిన ఒకిత పేరు ఇవాళ మ్యూజియం గోడల మీద ఉంది. పక్కనే హనాఓగి పేరూ ఉంది. కాని అది ఓగియా సొత్తు. ఒకామె వెళ్లిపోతే ఆ పేరును తర్వాతి అమ్మాయికి తగిలించేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు బొమ్మకెక్కేది కాదు.

ఉతమారో గీసిన హనాఓగి నాలుగో ఆమె.