లోపల వెతకొద్దు, డాబా ఎక్కు

తమ్ముడూ, చెల్లీ, పరీక్షలకు చదవడానికి ఢిల్లీ వచ్చి కటవారియా సరాయ్‌లో దిగిన మొదటి వారంలోనే నీకు ఒక మాట వినబడుతుంది. కోచింగ్‌లో సారు చెబుతాడు, రూమ్మేటు చెబుతాడు, ఊరి నుంచి మావయ్య ఫోన్లో చెబుతాడు. సంతోషం బయటెక్కడా లేదు, నీలోనే ఉంది, మనసు గట్టిగా ఉంటే ఎక్కడున్నా ఒకటే అని. నేను అక్కడ మూడేళ్ళు ఉన్నాను. ఆ మాట నమ్మి అందులో రెండేళ్ళు పోగొట్టుకున్నాను. అందుకని ఇక్కడ రాసేవన్నీ దానికి అడ్డం తిరిగిన సలహాలు. పిల్లల చదువు చెడగొడుతున్నాడని పెద్దవాళ్ళు అనవచ్చు. అననీ.

సరాయ్ అంటే సత్రం. కాలూ సరాయ్, జియా సరాయ్, బేర్ సరాయ్, కటవారియా సరాయ్. ఐఐటీ ఢిల్లీ చుట్టూ ఇన్ని సత్రాలు. పేరుకు తగ్గట్టే ఇప్పటికీ వచ్చిపోయేవాళ్ళ మీదే బతుకుతున్నాయి. గేట్ రాసేవాళ్ళు, ఇంజనీరింగ్ సర్వీసెస్ రాసేవాళ్ళు, నెట్ రాసేవాళ్ళు. సత్రంలో భోజనం, మఠంలో నిద్ర అని మనవాళ్ళు దిక్కులేని బతుకు గురించి అంటారు. ఆ బతుకే ఏళ్ళ తరబడి బతుకుతున్నవాడికి 'అంతా నీ మనసులోనే ఉంది' అని చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

యక్షప్రశ్నలు గుర్తు తెచ్చుకో. ఎవడు సుఖి అని యక్షుడు అడిగాడు. ధర్మరాజు అక్కడ ధ్యానం మాట ఎత్తలేదు. పొద్దు వాలాకైనా సరే తన ఇంట్లో ఇంత ఆకుకూర వండుకు తినేవాడు, అప్పు లేనివాడు, పరాయి చోట ఉండాల్సిన అవసరం లేనివాడు సుఖి అన్నాడు. మూడూ బయటి సంగతులే. ఎప్పుడన్నాడో కూడా చూడు. పన్నెండేళ్ళ అడవిబతుకు చివర, తమ్ముళ్ళు నలుగురూ మడుగు గట్టున పడి ఉంటే, గొంతెండిపోయి నిలబడి అన్నాడు. తనకు ఏం లేవో ఆయనకు బాగా తెలుసు.

నువ్వు డబ్బా తిండి తింటున్నావు. నాన్న చేసిన అప్పు మీద చదువుతున్నావు. హైదరాబాద్‌కు రైల్లో 1,600 కిలోమీటర్ల పైమాట దూరంలో ఉన్నావు. మూడింట్లో ఒక్కటీ నీకు లేదు. అయినా దిగులుగా ఉంటే తప్పు నీ మనసుదేనంటున్నారు. ఆ నింద నెత్తికెత్తుకోకు. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

ఇక గది సంగతి. అందరూ అద్దె చూస్తారు, కోచింగ్‌కు ఎంత దూరమో చూస్తారు. నువ్వు ఎండ చూడు. అద్దె వెయ్యి ఎక్కువైనా, పావుగంట ఎక్కువ నడవాల్సి వచ్చినా సరే. ఆ ఊళ్ళో గదులు అంత చీకటిగా ఎందుకుంటాయో నాకు చాలాకాలం తెలియలేదు. నేనేదో దిగులుమనిషిని కాబట్టి నాకలా అనిపిస్తోంది అనుకునేవాణ్ణి. తెలిశాక కోపం వచ్చింది. 1908లో రెవెన్యూవాళ్ళు ఢిల్లీ పల్లెల్లో ఇళ్ళున్న చోటును పొలాల నుంచి వేరుచేయడానికి మ్యాపు మీద ఎర్రగీత గీశారు. దాన్నే లాల్ డోరా అంటారు. 1963లో ఆ గీత లోపలి ఇళ్ళకు భవన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. గేదెలు కట్టేసుకునే రైతు పెంకుటింటికో కొట్టానికో ప్లాను గీయించుకోనక్కర్లేదన్న దయ అది. తర్వాత చుట్టూ నగరం పెరిగింది, పొలాలు పోయాయి, ఊరివాళ్ళకు మిగిలింది ఆ గీత లోపలి జాగా ఒక్కటే. దాని మీదే అంతస్తు మీద అంతస్తు లేచింది. నడుమ జాగా వదలమని అడిగేవాడు లేడు. ఎదురింటి గోడ చేయి చాపితే అందుతుంది. నీ కిటికీ తెరిస్తే ఇంకొకడి ఎగ్జాస్ట్ ఫ్యాను. నీ గదిలో పగలు పదకొండింటికి ట్యూబులైటు వెలగడానికి కారణం ఆ మ్యాపు. నీ స్వభావం కాదు.

కిటికీకీ మనిషి కోలుకోవడానికీ సంబంధం ఉందని తేల్చినవాడు రోజర్ ఉల్రిచ్. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ రికార్డులు తిరగేశాడు. 46 మందిని జతలు జతలుగా పోల్చి చూశాడు. సగం మంది మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుకగోడ. చెట్లు చూసినవాళ్ళు తొందరగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పిమందులు తక్కువ అడిగారు. 1984లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఆ రోగుల్లో ఒక్కరికీ ఎవరూ మనసు పాఠాలు చెప్పలేదు. కిటికీ మారింది, అంతే.

లోపలికి చూసుకోమని చెప్పినవాళ్ళలో నేను గౌరవించేవాడు మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన కూడా బడి పెట్టాలనుకున్నప్పుడు ఇరుకు సందులో గది వెతకలేదు. కొండల మధ్య, పెద్ద మర్రిచెట్టున్న లోయ ఏరుకున్నాడు. అదే ఇవాళ్టి రిషివ్యాలీ. ఆయనకే చోటు ముఖ్యమైనప్పుడు నీకు ముఖ్యం కాకుండా ఎలా పోతుంది?

కాబట్టి జనవరిలో, పొగమంచు విడిచి ఎండ వచ్చిన రోజు, మధ్యాహ్నం పుస్తకం మూసి డాబా ఎక్కు. ఫిబ్రవరిలో గేట్ ఉంది, సిలబస్ మిగిలిపోయింది అని తెలిసే చెబుతున్నాను. మనం ఉక్కపోతకు పుట్టినవాళ్ళం, నాలుగైదు డిగ్రీల చలి మన ఒంటికి కొత్త. ఆ ఎండలో అరగంట కూర్చో. పక్క డాబా మీద ఆ ఇంటి మాలిక్ (యజమానిని అక్కడ అలా అంటారు) తల్లి బఠాణీలు ఒలుచుకుంటూ ఉంటుంది, దూరంగా కుతుబ్ మినార్ కొస కనిపించినా కనిపించవచ్చు. ఇంకాస్త ఓపికుంటే సంజయ్ వన్‌కు నడువు. ఊరి పక్కనే ఏడు వందల ఎకరాల పైచిలుకు అడవి. నెమళ్ళు తిరుగుతాయి. నేను మూడో ఏడు దాకా అటు వెళ్ళలేదు, అడవిలో తిరిగితే ర్యాంకు వస్తుందా అని. ఆ ప్రశ్నే తప్పని చెప్పేవాళ్ళు లేకపోయారు.

చోటు మనసును చేస్తుందనడం పెద్ద మాటేమీ కాదు. ఒక్కోసారి ప్రాణమే తీస్తుంది. 2024 జులై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కింద, బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్ళు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వాళ్ళు సివిల్స్‌కు చదువుకుంటున్నారు. ఏ మనోబలం ఆ నీళ్ళను ఆపుతుంది? భూమి కింద చదువుకోమనే ఏ గదిలోనూ కూర్చోకు. రీడింగ్ రూము ఎంత చవకైనా, ఏసీ ఎంత చల్లగా ఉన్నా మెట్లు కిందికి దిగుతుంటే వెనక్కి తిరుగు.

తిండి. ఇక్కడ నేను మొండిగా ఉంటాను. నాలుగు గంటలు పుస్తకం తక్కువ చదువు, ఒక పూట వంట చెయ్యి. డబ్బా కట్టించుకుంటే టైము మిగులుతుందని అందరూ చెబుతారు. మిగిలిన ఆ టైములో నేను చేసింది మంచం మీద పడుకుని పైకప్పు చూడటం. మాలిక్ ఒప్పుకుంటే ఇండక్షన్ స్టవ్, చిన్న కుక్కరు, ఒక మూకుడు చాలు. కందిపప్పు కావాలంటే అర్హర్ అని అడగాలి, తోటకూరను చౌలాయీ అంటారు. చలికాలం బండి మీద బథువా అని కట్టలు పెట్టుకుని అమ్ముతారు చూడు, అది మన చక్రవర్తికూర. పప్పులో వేస్తే అమ్మ చేసినట్టే ఉంటుంది. కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు కొసరు అడిగితే వేస్తాడు. ములక్కాడలు, కరివేపాకు, మన వైపు కూరలు కావాలంటే ఐఎన్ఏ మార్కెట్. హౌజ్ ఖాస్‌లో ఎల్లో లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టేషను.

ఎండుమిర్చి పోపు పడ్డాక ఆ ఘాటు మెట్లన్నీ దిగి వీధిలోకి పోతుంది. మొదటి రోజు మాలిక్ దగ్గుతూ పైకొచ్చాడు. నేను భయపడ్డాను. ఆయన వెనకే రెండో అంతస్తు నుంచి ఇంకో కుర్రాడు వచ్చాడు, 'అన్నా, తెలుగువాళ్ళా?' అని. నాలుగు నెలలుగా ఒకే మెట్ల మీద ఎక్కిదిగుతున్నాం, ఒకరికొకరం తెలియదు. ఆ రాత్రి ముగ్గురం తిన్నాం. మాలిక్ పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని కూడా రెండోసారి వడ్డించమన్నాడు. నా గదిలో కొత్తగా వచ్చింది ఒక మూకుడు, ఐదు కట్టల కూర. అంతకుముందు రోజు దాకా నేను ఉదయాన్నే కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టేవాణ్ణి. పోపు ఒక్క పూటలో చేసింది అది మూడు నెలల్లో చేయలేదు.

అప్పు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే చెప్పేదానికన్నా చేయాల్సింది ఎక్కువ. ఇంట్లో తెచ్చిన మొత్తం ఎంతో, వడ్డీ ఎంతో కాగితం మీద రాయించుకో. నువ్వు బాధపడతావని దాచిపెడతారు. దాచిన అప్పు రాత్రిళ్ళు పెరుగుతుంది. రెండో టెస్ట్ సిరీస్ మానుకో, మూడో కోచింగ్ మానుకో, పండ్లు మాత్రం మానుకోకు. ఫోన్ యాప్‌లో అప్పు తీసుకోకు. చేబదులు కూడా రూమ్మేటు దగ్గర వద్దు. ఒకే గదిలో అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ ఉంటే ఆ గదికి కిటికీ ఉన్నా లేనట్టే.

డబ్బుతో సంతోషం రాదని ఒక పరిశోధన తరచూ చెబుతుంటారు. 1978లో బ్రిక్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి ఇలినాయ్ లాటరీ గెలిచిన 22 మందిని, మామూలుగా ఉన్న 22 మందిని, ప్రమాదంలో కాళ్ళో, కాళ్ళూచేతులూనో పడిపోయిన 29 మందిని ప్రశ్నించారు. లాటరీ గెలిచినవాళ్ళు మామూలువాళ్ళకన్నా పెద్దగా సంతోషంగా లేరు. ఉపన్యాసాల్లో ఇక్కడికే ఆపేస్తారు. ప్రమాదం పాలైనవాళ్ళ లెక్క చెప్పరు. ఐదుకు మామూలువాళ్ళు 3.82 ఇచ్చుకుంటే వాళ్ళు 2.96 ఇచ్చుకున్నారు. అదృష్టం మనిషిని పెద్దగా లేపకపోవచ్చు, దెబ్బ మాత్రం కిందికి దించుతుంది. మన గోలంతా లాటరీ గురించి కాదు కదా, దెబ్బలు తగ్గించుకోవడం గురించే.

సంక్రాంతికి ఇంటికెళ్ళు. పరీక్ష ముందు ఎవరూ వెళ్ళరు, అందుకే వెళ్ళు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ దొరికితే ఒక పగలూ ఒక రాత్రీ, అక్కడి నుంచి మీ ఊరు బస్సు. రానూ పోనూ, ఉండేదీ కలిపి వారం పోతుంది. మొదటి ఏడు నేను వెళ్ళలేదు. ఆ వారమంతా సాయిల్ మెకానిక్స్‌లో ఒకే అధ్యాయం దగ్గర కూర్చున్నాను. భోగి పొద్దున గదిలో నిద్ర లేచి, మంటలు ఉండవని తెలిసీ సందులోకి దిగి నిలబడ్డాను. రెండో ఏడు వెళ్ళాను. పరీక్ష రెండుసార్లూ పోయింది, అది దాచను. కానీ రెండో ఏడు నాకు పండగ మిగిలింది. చెల్లెలు పెట్టిన ముగ్గు, నాన్న పక్కన కూర్చుని తిన్న అరిసెలు, ఇవి ఏ బోర్డూ రద్దు చేయలేనివి.

ఇంకొకటి. రోజూ ఫోన్లో 'బాగున్నాను నాన్నా' అనడం మానెయ్. బాగాలేనప్పుడు బాగాలేనని చెప్పు. మొదట కంగారు పడతారు. పడనీ. రెండో రోజు నుంచి వాళ్ళు కూడా నిజం చెప్పడం మొదలుపెడతారు, మోకాళ్ళ నొప్పి, అమ్ముడుపోని మినుములు, అన్నీ. నా వరకు ఆ ఢిల్లీ దూరం తగ్గింది అప్పుడే.

నా మాటలకు లొంగని మనిషి ఒకడు ఆ ఊళ్ళోనే ఉండేవాడు. శ్రీకాకుళం వైపు కుర్రాడు, నా కింద అంతస్తులో. కిటికీ లేని గది, అప్పు నాకన్నా ఎక్కువ, ఇంటికి ఏడాదిన్నరగా వెళ్ళలేదు. అయినా నిజంగా సంతోషంగా ఉండేవాడు. నటన కాదు, పక్కన ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. అతన్ని నేను వివరించలేను. కొందరు అలా పుడతారేమో. కానీ అతన్ని చూపించి 'వాడు లేడూ?' అని మిగతావాళ్ళను సిగ్గుపడేలా చేసేవారు. ఆ పోలికతో ఒక కుర్రాడు రాత్రికి రాత్రి సామాను సర్దుకుని వెళ్ళిపోవడం చూశాను. ఎండలో వాడని మొక్క ఒకటి ఉందని తోటకంతా నీళ్ళు ఆపేస్తామా?

చివరిగా, గది ఎలా చూడాలో చెబుతాను. బ్రోకరు సాయంత్రం రమ్మంటాడు. వెళ్ళకు. పగలు పదకొండింటికి వెళ్ళు, చేతిలో ఒక తెలుగు పేపరు పట్టుకెళ్ళు. తలుపు తీయగానే ముందు లైటు వేస్తారు. ఆర్పేయమని అడుగు, మొహమాటపడకు. మంచం వేసే చోట నిలబడి పేపరు విప్పు. వార్త కింద ఉన్న చిన్న అక్షరాలు చదవగలిగితే అడ్వాన్సు ఇచ్చెయ్. లేకపోతే పేపరు మడిచి, వస్తానని చెప్పి, పక్క సందులోకి నడువు.